నాన్న డిశ్చార్జి బుక్కులో పశ్చిమీ స్టార్ (71 యుద్ధం మెడల్) లేదు. ఇన్నేళ్ల తర్వాత రికార్డు సరిచేస్తారా?

పాతపట్నం_శీను
నాన్న 1968లో సిపాయిగా చేరి 1985లో హవల్దార్‌గా రిటైర్ అయ్యారు. ఏ రెజిమెంటో ఇక్కడ రాయను, తెలిస్తే తిడతారు. 71 యుద్ధంలో షకర్‌గఢ్ సెక్టార్‌లో ఉన్నారు, ఎడమ మోచేతి కింద స్ప్లింటర్ దెబ్బ మచ్చ ఇప్పటికీ ఉంది.

మొన్న సైనిక్ బోర్డులో (జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసు) ఏదో ఫారం నింపడానికి డిశ్చార్జి బుక్కు (రిటైరయ్యేటప్పుడు సైన్యం ఇచ్చే సర్వీసు పుస్తకం) తీశాం. మెడల్స్ రాసే చోట మూడే ఉన్నాయి: సంగ్రామ్ మెడల్, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్, 9 ఏళ్ల లాంగ్ సర్వీస్ మెడల్. పశ్చిమీ స్టార్ లేదు. గాయం మెడల్ సంగతి అసలే లేదు. ఇంట్లో ఉన్న మెడల్స్ కూడా ఆ మూడే. కానీ ఒక పాత యూనిఫాం ఫొటోలో ఛాతీ మీద రిబ్బన్లు మూడు కాదు, ఇంకోటి ఎక్కువుంది.

కౌంటర్లో ఉన్నాయన "బుక్కులో లేనిది మేం రాయలేం" అన్నాడు. తప్పు ఆయనది కాదు. ఇది ఎక్కడ, ఎవరి చేత సరిచేయించాలి? నాన్ననడిగితే "ఇప్పుడవన్నీ ఏటికిరా" అంటున్నారు. ఎవరైనా చేయించినవాళ్లుంటే చెప్పండి.

కొండగాలి
స్టార్ వచ్చినా పెన్షన్‌లో ఒక్క రూపాయి పెరగదు. అది యుద్ధంలో ఉన్నందుకిచ్చే మెడల్, గ్యాలంట్రీ (సాహసానికిచ్చేది) కాదు. 75 ఏళ్ల పెద్దాయన్ని ఆఫీసుల చుట్టూ తిప్పడం దేనికి?

గన్నర్_మావయ్య
డబ్బులు రావన్నది నిజమే. "దేనికి" అన్నదే నాకు నచ్చలేదు. షకర్‌గఢ్ అంటే బసంతర్ నది పక్క. ఆ పొగమంచులో, మైన్ల మధ్య ఉన్నవాడి బుక్కులో సంగ్రామ్ మెడల్ ఒక్కటే ఉందంటే, అదే టైములో యుద్ధానికి దూరంగా స్టోరు తాళాలు చూసుకున్నవాడికీ ఈయనకీ తేడా లేదని రాసినట్టే. సంగ్రామ్ మెడల్ అప్పుడు సర్వీసులో ఉన్న చాలామందికి వచ్చింది. స్టార్ అలా కాదు. పడమటి వైపు పోయినవాళ్లకి పశ్చిమీ, తూర్పు వైపు పోయినవాళ్లకి పూర్వీ.

శీనూ, ఆ ఫొటో ఉంచు. పనికొస్తుంది.

పాతపట్నం_శీను
@కొండగాలి నేను తిప్పనండీ, నేనే తిరుగుతాను. డబ్బు కోసమూ కాదు. మా ఊళ్లో మాజీ సైనికుల పేర్లతో పంచాయితీ ఆఫీసు దగ్గర బోర్డు పెడుతున్నారు, పేరు పక్కన మెడల్స్ రాస్తారట. బుక్కులో ఉన్నవే రాస్తాం అన్నారు.

కొండగాలి
బోర్డు కోసమా! ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. మా ఊరి బోర్డు మీద మాజీ సైనికుల కన్నా దాతల పేర్లే ఎక్కువున్నాయి.

మాధవరం_సత్తిబాబు
మా మిలిటరీ మాధవరంలో ఇంటికొకరు చొప్పున ఇదే గొడవ. స్మారకం దగ్గర పేరు వేయించేటప్పుడు ప్రతీ ఇంట్లో ట్రంకు పెట్టె తీస్తారు, కాగితానికీ మెడల్‌కీ పొంతన ఉండదు. కొందరికి మెడల్ ఉంటుంది, బుక్కులో ఉండదు. కొందరికి బుక్కులో ఉంటుంది, మెడల్ చేతికి రానేలేదు.

క్లర్కు_హవల్దార్
నేను యూనిట్లో క్లర్కుగా చేసి, ఆఖర్లో రికార్డ్స్‌లో కూడా చేశాను. కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

డిశ్చార్జి బుక్కు అసలు రికార్డు కాదు. అది నకలు. అసలుది షీట్ రోల్, అది రికార్డ్ ఆఫీసులో ఉంటుంది. జవానుకి పెళ్లయినా, పిల్లలు పుట్టినా, ప్రమోషన్ వచ్చినా, మెడల్ వచ్చినా యూనిట్ ఆఫీసు పార్ట్ టూ ఆర్డర్ తీయాలి. దానికో నంబరు, తేదీ ఉంటాయి. ఆ ఆర్డర్ రికార్డ్స్‌కి వెళ్తే అక్కడ షీట్ రోల్‌లో ఎక్కిస్తారు. రిటైర్ అయ్యే ముందు రెజిమెంటల్ సెంటర్లో డిశ్చార్జి డ్రిల్ (పంపించే ముందు కాగితాల పని) జరిగేటప్పుడు షీట్ రోల్ చూసి బుక్కు నింపుతారు.

అంటే తప్పు మూడు చోట్ల జరిగుండొచ్చు. ఒకటి, యూనిట్ ఆర్డరే తీయలేదు. 71 తర్వాత యూనిట్లు చాలాకాలం సరిహద్దులోనే ఉన్నాయి, తర్వాత మకాంలు మారాయి, కొందరు ఆస్పత్రుల్లో ఉన్నారు, కొందరు పోస్టింగ్ మీద వెళ్లిపోయారు. ఆస్పత్రి నుంచి వేరే యూనిట్‌కి పోయినవాళ్లవే ఎక్కువ తప్పిపోయాయి. పాత యూనిట్ కొత్త యూనిట్ చూసుకుంటుందనుకుంది, కొత్తది పాతది చూసుకుందనుకుంది. రెండు, ఆర్డర్ వచ్చింది కానీ షీట్ రోల్‌లో ఎక్కలేదు. మూడు, షీట్ రోల్‌లో ఉంది, బుక్కు రాసినవాడు వదిలేశాడు. ఈ మూడోది మీరనుకునే దానికన్నా చాలా మామూలు. ఒక్క రోజులో ముప్పై బుక్కులు రాసే పని, జవాను చూస్తే ఊరికి బండెక్కే తొందరలో చూపించిన చోటల్లా సంతకం పెట్టేస్తాడు.

మూడోదైతే సరిచేయడం తేలిక. మొదటిదైతే కష్టం. అందుకే "మా నాన్నకి స్టార్ ఇవ్వండి" అని మొదలుపెట్టకండి. ముందు "నా షీట్ రోల్‌లో మెడల్స్ పేజీ నకలు, 1971 డిసెంబర్ నుంచి 1973 దాకా నా మీద వచ్చిన పార్ట్ టూ ఆర్డర్ల నకళ్లు ఇవ్వండి" అని అడగండి. ఏ గొలుసు ఎక్కడ తెగిందో తెలిశాక రెండో ఉత్తరం రాయండి. జనం చేసే పెద్ద పొరపాటు మొదటి ఉత్తరంలోనే రాష్ట్రపతి దాకా అందరికీ కాపీలు పెట్టడం. ఆ ఉత్తరం ఏ టేబుల్ మీదా నిలవదు.

ఫొటోలో రిబ్బన్ రుజువు కాదు. కానీ యూనిట్లో ఎవడూ తనంతట తాను రిబ్బన్ కుట్టించుకోడు, పెరేడ్‌లో సుబేదార్ మేజర్ ఊరుకోడు. ఏదో ఆర్డర్ వచ్చే ఉంటుంది.

పలాస_జీడిపప్పు
మా తాత కుట్టించుకున్నాడు. పెళ్లిలో.

గన్నర్_మావయ్య
@పలాస_జీడిపప్పు పెళ్లిలో సుబేదార్ మేజర్ కన్నా పెద్ద అధికారి మామగారే కదా, ఆయనేమీ అనకపోతే చాలు.

పాతపట్నం_శీను
@క్లర్కు_హవల్దార్ చాలా థాంక్స్ అండీ. మీరన్నట్టే దెబ్బ తగిలాక నాన్న మిలిటరీ ఆస్పత్రిలో ఉండి, తర్వాత వేరే బ్యాటరీకి (ఫిరంగి దళంలో ఓ విభాగం) వెళ్లారు. మరి ఆ నకళ్లు మామూలు ఉత్తరంతో అడగాలా, ఆర్టీఐలోనా?

లాయర్_విశాలాక్షి
ఆర్టీఐ. అయితే మీ పేరుతో కాదు, మీ నాన్నగారి పేరుతో, ఆయన సంతకంతో. కొడుకు అడిగితే వేరేవాళ్ల వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపే అవకాశం ఉంది. తన కాగితం తనే అడిగితే ఆ సాకు ఉండదు. ఫీజు 10 రూపాయలు. ఇది కేంద్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి, ఆన్‌లైన్‌లో పెడితే కేంద్రం పోర్టల్‌లోనే పెట్టాలి. రాష్ట్ర ప్రభుత్వం దాంట్లో పెట్టి నెల పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా మొదటి అప్పీలు.

ఆర్మీ నంబరు, ర్యాంకు, యూనిట్, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ తప్పక రాయండి. "నాకు న్యాయం చేయగలరు" లాంటి వాక్యాలు వద్దు. ఆర్టీఐలో ఉన్న కాగితం అడగాలి. "ఎందుకు ఇవ్వలేదు" అంటే అది సమాచారం కాదని కొట్టేస్తారు.

తిరుమలగిరి_యాదన్న
మా బాపుది గూడ గిట్లనే. ఆర్టీఐ గీర్టీఐ ఎందుకని నేను సీదా రికార్డ్స్‌కే పోయిన, బుక్కు పట్టుకొని. దగ్గర్నే ఉండె మరి. గేటు కాడ ఆధార్, పెన్షనర్ కార్డు చూసి పాస్ ఇచ్చిన్రు. లోపల ఒక సార్ మంచిగ మాట్లాడిండు, షీట్ రోల్ తీయించిండు. అండ్ల మెడల్ రాసి ఉన్నది. బుక్కుల ఎక్కించి, ముద్ర గొట్టి, సంతకం పెట్టి ఇచ్చిన్రు. ఆయింత పని ఒక్క దినంల అయింది. దగ్గరున్నోళ్లు పోవుడే మంచిది.

గిద్దలూరు_సుజాత
యాదన్నా, నీ అదృష్టం. మాకు మాత్రం "ఒరిజినల్ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి" అన్నారు, పంపాం. ఆ తర్వాత బుక్కు రాలేదు, జవాబూ రాలేదు. ఇప్పుడు డూప్లికేట్ కోసం పోలీస్ స్టేషన్ కాగితం, అఫిడవిట్ అని తిరుగుతున్నాం. దయచేసి ఎవరూ ఒరిజినల్ పోస్టులో వేయకండబ్బా.

క్లర్కు_హవల్దార్
ఒరిజినల్ లేకుండా బుక్కులో ఎలా రాస్తారమ్మా? ముద్ర గాల్లో కొట్టరు కదా. పంపాల్సిందే, పద్ధతి ప్రకారం పంపాలి. మొదట నకలు పంపి షీట్ రోల్‌లో ఉందని వాళ్ల చేత రాతలో ఒప్పించుకోవాలి. ఆ ఉత్తరం చేతికొచ్చాకే ఒరిజినల్, అది కూడా జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసు ద్వారా, వాళ్ల ఫార్వర్డింగ్ లెటర్‌తో. పంపేముందు ప్రతీ పేజీ స్కాన్.

గిద్దలూరు_సుజాత
చేతికొచ్చేదాకా తిరిగిన వాళ్లకి తెలుస్తుంది సార్ పద్ధతి. నా మాట నేను చెప్పాను.

తిరుమలగిరి_యాదన్న
ఇద్దరు చెప్పేది గూడ కరెక్టే. ఒరిజినల్ ఇయ్యాలె, కాని చేతికి ఇయ్యాలె. పోలేనోళ్లు సైనిక్ బోర్డు నుంచి పంపాలె. గంతే.

కంభం_చెరువు
సుజాత గారూ, మీది కూడా క్యాంపెయిన్ మెడలేనా (యుద్ధంలో ఉన్నందుకిచ్చేది)?

గిద్దలూరు_సుజాత
కాదు. నాన్నకి సేనా మెడల్. శౌర్యానికిచ్చింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది కానీ పీపీఓలో (పెన్షన్ చెల్లింపు ఆర్డర్) మెడల్ అలవెన్స్ అనే మాటే లేదు. ఇంట్లో మెడల్ ఉంది, అంచు మీద నాన్న ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉన్నాయి. ఆ గీత సన్నంగా అరిగిపోయి వట్టి కంటికి కనపడదు. టార్చి పక్కగా వేసి, ఫోనుతో దగ్గర్నుంచి ఫొటో తీసి పెద్దది చేస్తే నంబరు పూర్తిగా చదవగలిగాం. అదే ఆధారంగా మొదలుపెట్టాం.

ఈ అలవెన్స్ సంగతి మాకు ఇన్నాళ్లూ తెలియదు. పక్కూరి సుబేదార్ గారు చెప్తే తెలిసింది. అమ్మకి వస్తుందా రాదా అని ఒక్కొక్కరూ ఒక్కో మాట.

క్లర్కు_హవల్దార్
వస్తుంది. గ్యాలంట్రీ అవార్డుకి నెలనెలా ఇచ్చే భత్యం భార్యకి కూడా కొనసాగుతుంది. 2017 ఆగస్టు 1 నుంచి ఉన్న రేట్లు: పరమ్ వీర్ చక్ర 20,000, అశోక్ చక్ర 12,000, మహావీర్ చక్ర 10,000, కీర్తి చక్ర 9,000, వీర్ చక్ర 7,000, శౌర్య చక్ర 6,000, శౌర్యానికిచ్చిన సేనా మెడల్ 2,000. నెలకి. ఆ సాహసం చేసిన తేదీ నుంచి లెక్క.

ఇక్కడో మెలిక ఉంది. సేనా మెడల్ 1960లో పెట్టారు. 1999 ఫిబ్రవరి నుంచి దాన్ని రెండుగా విడగొట్టారు, శౌర్యానికి ఒకటి, విశిష్ట సేవకి ఒకటి. భత్యం శౌర్యం దానికే. మీ నాన్నగారిది ఏ ఏడాది?

గిద్దలూరు_సుజాత
1999కి ముందుదే.

క్లర్కు_హవల్దార్
అయితే మెడల్ చూపిస్తే చాలదు, సైటేషన్ కావాలి. ఏ సాహసం చేశారో అందులో ఉంటుంది. దాన్ని బట్టే శౌర్యం కిందికి వస్తుంది. గెజిట్ వెతికారా?

కంభం_చెరువు
గెజిట్ విషయం నేను చెప్తా, దాని మీద చాలా రాత్రుళ్లు ఖర్చు పెట్టినోణ్ణి. భారత గెజిట్‌లో పార్ట్ 1 సెక్షన్ 1 చూడాలి. పైన "రాష్ట్రపతి సచివాలయం" అని ఉంటుంది, నోటిఫికేషన్ నంబరు చివర "ప్రెస్" అని, గీత పక్కన సంవత్సరం. కింద ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, రెజిమెంటు. వీర్ చక్ర లాంటి వాటికి సైటేషన్ అక్కడే అచ్చవుతుంది. సేనా మెడల్‌కి చాలా ఏళ్లు వట్టి పేర్ల జాబితానే ఉంటుంది, సైటేషన్ సైన్యం దగ్గరి కాగితాల్లోనే దొరుకుతుంది.

పాత గెజిట్లు స్కాన్ చేసి ఇ-గెజిట్ సైట్లో పెట్టారు. పేరు కొట్టి వెతికితే రాదు, అక్షరాలు సరిగా గుర్తుపట్టదు. తేదీని పట్టుకొని పేజీలు తిప్పుకోవాల్సిందే. అవార్డులు జనవరి 26కి, ఆగస్టు 15కి ప్రకటిస్తారు కదా, ఆ తేదీల దగ్గర్నుంచి మొదలుపెట్టి తర్వాతి గెజిట్లు చూసుకుంటూ పోండి. చేతికిచ్చేది ఆ తర్వాత ఎప్పుడో. మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారిదే చూడండి: గల్వాన్ 2020 జూన్, మహావీర్ చక్ర ప్రకటన 2021 జనవరి, కుటుంబం చేతికి అందింది 2021 నవంబర్. ఇంట్లో ఉన్న ఫొటో వెనక తేదీ మెడల్ చేతికిచ్చిన రోజుది అయ్యుంటే, గెజిట్ దానికన్నా ముందు ఉంటుంది. నేను తెలియక వెనక్కి కాకుండా ముందుకి వెతుకుతా కూర్చున్నా.

పలాస_జీడిపప్పు
రాత్రుళ్లు గెజిట్ చదివిన మనిషిని మొదటిసారి చూస్తున్నా. వదినగారు ఏమన్నారు?

కంభం_చెరువు
ఐఏఎస్‌కి చదువుతున్నాననుకుంది. 52 ఏళ్లకి.

లాయర్_విశాలాక్షి
సుజాత గారికి: గెజిట్ పేజీ దొరికితే దాని నకలు, మెడల్ అంచు ఫొటో, మీ అమ్మగారి పీపీఓ కలిపి రికార్డ్స్‌కి అమ్మగారి సంతకంతో అర్జీ పెట్టండి. పీపీఓ మార్చేది ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ అకౌంట్స్ ఆఫీసు, కానీ వాళ్లు రికార్డ్స్ నుంచి కాగితం వస్తేనే కదులుతారు. పెన్షన్ స్పర్శ్‌లోకి (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ) వచ్చుంటే సవరణ అందులో కనిపిస్తుంది, మొదలు మాత్రం రికార్డ్స్‌లోనే. బ్యాంకు మేనేజర్ని అడిగి లాభం లేదు.

ఇంకో మాట. గ్యాలంట్రీ భత్యానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, 1961 చట్టంలో అది సెక్షన్ 10(18). అరియర్స్ వస్తే ఆడిటర్‌కి ఈ ముక్క చెప్పండి, లేకపోతే మొత్తం ఆదాయంలో కలిపేస్తాడు.

ఎర్రమట్టి_రెడ్డి
నాన్న పేరు సమస్య ఎవరికీ రాలేదా? సైన్యంలో మా నాయన పేరు ఇంటిపేరు లేకుండా ఒక్క ముక్క. ఆధార్లో ఇంటిపేరు ముందు, చివర రెడ్డి. పెన్షన్ పేపర్లో రెడ్డి ఇంటిపేరైపోయింది. మెడల్ మీద ఇంగ్లీషు స్పెల్లింగ్ ఇంకోటి. నలుగురు మనుషులున్నట్టుంది మా ఇంట్లో ఒక్క మనిషికి.

మాధవరం_సత్తిబాబు
గోదావరి జిల్లాల్లో సగం మంది సిపాయిలకి ఇంటిపేరు "రావు" అయిపోయింది. భర్తీ రోజున అవతల హిందీ క్లర్కు "సర్‌నేమ్?" అంటాడు, మనోడు చివరి ముక్క చెప్తాడు.

క్లర్కు_హవల్దార్
మెడల్ విషయంలో భయపడక్కర్లేదు. ఆర్మీ నంబరు కలిస్తే పేరు తేడాని అఫిడవిట్‌తో కలుపుతారు. అసలు గొడవ పెన్షన్‌కి, ఆధార్‌కి. ఆ రెండూ ముందు సరిచేసుకోండి. అయితే షీట్ రోల్‌లో పేరుని ఆధార్‌కి తగ్గట్టు మార్చమనకండి, ఆధార్‌నే షీట్ రోల్‌కి తగ్గట్టు మార్చుకోవడం సులువు.

ఎర్రమట్టి_రెడ్డి
మా నాయన ససేమిరా ఒప్పుకోడు. ఆధార్లో ఉన్నదే మా తాత పెట్టిన పేరంట.

డల్లాస్_బుజ్జి
మా ముత్తాత రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లొచ్చారు, 1946లో ఇంటికి పంపేశారు. పెన్షన్ లేదు. కాగితం ఒక్కటీ మిగల్లేదు. ఇక్కడ వెబ్‌సైట్లలో చూస్తే లండన్‌లో రికార్డులున్నాయంటున్నారు. డబ్బు కట్టి తెప్పించమంటారా?

క్లర్కు_హవల్దార్
ఆగండి, కట్టకండి. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ దగ్గరున్నవి ఎక్కువగా ఆఫీసర్లవి. మామూలు సిపాయిల కాగితాలు ఇక్కడి రెజిమెంట్ల రికార్డ్స్‌లోనే ఉండిపోయాయి. పెన్షన్ లేకుండా వెళ్లినవాళ్ల షీట్ రోల్ 25 ఏళ్ల తర్వాత తగలబెట్టేస్తారు, రూలే అది. కానీ లాంగ్ రోల్ అని ఓ పెద్ద రిజిస్టరు ఉంటుంది. దాన్ని ఎప్పటికీ ఉంచుతారు. నంబరు, పేరు, ఊరు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, ఇలా క్లుప్తంగా ఉంటాయి. రెజిమెంటు, నంబరు తెలిస్తే లాంగ్ రోల్ నకలు అడగండి. "రికార్డులు నాశనం చేశాం" అని జవాబొస్తే చాలామంది అక్కడితో ఆగిపోతారు. లాంగ్ రోల్ పేరెత్తి మళ్లీ అడగాలి.

డల్లాస్_బుజ్జి
నంబరు తెలియదు. ఆయన పేరు, బావిలో పడ్డ ఎద్దుని ఒక్కరే తీసిన కథ మాత్రం తెలుసు.

పలాస_జీడిపప్పు
దానికి గ్యాలంట్రీ అడగండి.

సిగ్నల్‌వాలా
ఎవరి రికార్డ్స్ ఎక్కడో తెలియక జనం ఢిల్లీకి రాస్తుంటారు. నాకు తెలిసినవి: ఆర్టిలరీ నాసిక్ రోడ్, సిగ్నల్స్ జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంటు వెల్లింగ్టన్, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్), ఆర్డ్‌నెన్స్ కోర్ రెండూ మన సికింద్రాబాద్, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ బెంగళూరు, మెడికల్ కోర్ లక్నో, ఆర్మర్డ్ అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్), డీఎస్‌సీ (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) కన్నూర్. మొదట ఆర్మీలో చేసి తర్వాత డీఎస్‌సీలో చేరినవాళ్లకి రెండు చోట్లా కాగితాలుంటాయి, అది మర్చిపోకండి. మెడల్ పాత సర్వీసుదైతే పాత రికార్డ్స్‌కే రాయాలి.

కొత్త తరానికి కూడా ఓ మాట. కార్గిల్ టైములో ఆపరేషన్ ఏరియాలో ఉన్నవాళ్లకి ఆప్ విజయ్ స్టార్, మిగతావాళ్లలో చాలామందికి ఆప్ విజయ్ మెడల్. నా బ్యాచ్‌మేట్‌కి స్టార్ బదులు మెడలే రాశారు. సర్వీసులో ఉండగానే చూసుకున్నాడు కాబట్టి వారంలో మారింది. రిటైరయ్యే ముందు షీట్ రోల్ చూపిస్తారు. అది కళ్లు పెట్టి చదవండి. క్యాంటీన్ కార్డు కన్నా అదే ముఖ్యం.

కొండగాలి
క్యాంటీన్ కార్డు కన్నానా? ఈ మాట మా బాబాయి దగ్గర అనకండి.

గన్నర్_మావయ్య
బజారు మెడల్స్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి. అసలు మెడల్ ఏళ్ల తరబడి రాకపోతే మేమందరం కంటోన్మెంట్ బజార్లో టైలర్ దగ్గర కొనుక్కున్నవే పెరేడ్‌కి పెట్టుకునేవాళ్లం. వాటి అంచు నున్నగా ఉంటుంది, పేరుండదు. ఇప్పుడు ఇళ్లలో పిల్లలు అవి చూసి "నాన్నది నకిలీ మెడల్" అని కంగారుపడతారు. హక్కు నిజమే, లోహమే బజారుది. రికార్డులో హక్కు ఉంటే, అసలు మెడల్ ఇప్పటికీ అడగొచ్చు. పోగొట్టుకున్నవాళ్లు అఫిడవిట్ పెట్టి, ఖరీదు కట్టి డూప్లికేట్ తీసుకోవచ్చు.

పాతపట్నం_శీను
చాలా రోజుల తర్వాత వస్తున్నా, మన్నించండి. ఆర్టీఐకి జవాబొచ్చింది. క్లర్కు గారు చెప్పిన మూడో రకమే. షీట్ రోల్ నకల్లో పశ్చిమీ స్టార్ రాసుంది, పక్కనే పార్ట్ టూ ఆర్డర్ నంబరు, 1973 తేదీ. బుక్కులో రాయడం మర్చిపోయారంతే. నీలం సిరాతో, గొలుసు రాతలో, "స్టార్" కింద రెండు గీతలు కూడా గీశాడు ఎవడో మహానుభావుడు. బుక్కు రాసినాయనకే కనపడలేదు.

నాన్నకి చూపిస్తే ఆ ఆర్డర్ కింద సంతకం ఎవరిదో పేరుతో సహా చెప్పారు. తర్వాత ఆ సంతకం పెట్టిన కెప్టెన్ తనకి ఒకసారి సెలవు ఆపిన సంగతి మొదలుపెట్టారు, ఇంకా అవలేదు.

గాయం విషయంలో మాత్రం చిక్కు. 1971 డిసెంబర్‌లో ఆస్పత్రిలో చేర్చినట్టు ఉంది, డిశ్చార్జి చేసినట్టు ఉంది. గాయం మెడల్ ప్రస్తావన లేదు.

క్లర్కు_హవల్దార్
శుభం. స్టార్‌కి ఇక ఒక్క పేజీ ఉత్తరం చాలు: ఆర్టీఐ జవాబు నకలు జతచేసి, బుక్కులో ఎండార్స్ చేయమని (రాసి ముద్ర వేయమని), మెడల్ అందలేదు కాబట్టి పంపమని. రెండూ ఒకే ఉత్తరంలో వేరు వేరు పేరాల్లో.

గాయం మెడల్ అంటే పరాక్రమ్ పదక్, 1973లో పెట్టారు, 1947 ఆగస్టు 15 నుంచి యుద్ధంలో గాయపడ్డవాళ్లకి వర్తిస్తుంది. ఆస్పత్రిలో చేరారన్నది ఒక్కటే చాలదు, జ్వరం వచ్చినా చేరతారు కదా. శత్రువు కాల్పుల్లో తగిలిందని, బ్యాటిల్ క్యాజువాలిటీ అని యూనిట్ రిపోర్టు ఉండాలి. రెండో ఆర్టీఐలో క్యాజువాలిటీ రిపోర్టు నకలు, మెడికల్ డాక్యుమెంట్లు అడగండి. స్టార్ పని అయ్యేదాకా దీన్ని దాంతో కలపకండి. కలిపితే కష్టమైనది తేలేదాకా తేలికైనదాన్నీ ఆపి కూర్చుంటారు.

లాయర్_విశాలాక్షి
రెండోది, అంటే గాయం మెడల్, వాళ్లు రాతపూర్వకంగా కాదంటేనే ఆర్మ్డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ (సైనికుల కేసులు చూసే చోటు) సంగతి ఆలోచించాలి. రెండు తెలుగు రాష్ట్రాలకీ చెన్నై బెంచి. ఆఖరి జవాబు తేదీ నుంచి ఆరు నెలలు గడువు, కాబట్టి కవర్ మీద పోస్టల్ ముద్రతో సహా దాచండి. ఆ కాలపు సాటి జవానెవరైనా బతికుంటే, దెబ్బ తగలడం చూశానని అఫిడవిట్ ఇప్పుడే రాయించుకోండి. దీనికి మాత్రం ఆలస్యం వద్దు.

పాతపట్నం_శీను
ఒకాయన ఉన్నారు, మహారాష్ట్రలో. నాన్న దగ్గర పాత చిరునామా ఉంది, ఫోన్ నంబర్ లేదు.

సిగ్నల్‌వాలా
ఆ జిల్లా సైనిక్ బోర్డుకి ఫోన్ కొట్టండి. నంబరు మీకివ్వరు, కానీ మీ నంబరు ఆయనకిస్తారు.

కొండగాలి
బోర్డు మీద పేరు వేసేశారా మరి?

పాతపట్నం_శీను
వేశారు. సర్పంచ్ గారు ఆర్టీఐ జవాబు చూసి ఒప్పుకున్నారు. పెయింటర్ "పశ్చిమ స్టార్" అని రాశాడు. దాన్ని సరిచేయించే పనిలో ఉన్నా.

నేవీ_బుల్లెబ్బాయి
ఇదంతా ఆర్మీకే. మా నాన్నగారు నేవీ, విశాఖలోనే రిటైర్ అయ్యారు. ఆయన డిశ్చార్జి సర్టిఫికెట్లో పూర్వీ స్టార్ లేదు. ఎక్కడ రాయాలి?

సిగ్నల్‌వాలా
సెయిలర్ అయితే ముంబై మాన్‌ఖుర్ద్‌లో బ్యూరో ఆఫ్ సెయిలర్స్. ఎయిర్‌ఫోర్స్ ఎయిర్‌మెన్‌కి ఢిల్లీ సుబ్రతో పార్క్. పద్ధతి ఇదే, ముందు నకలు అడగండి. ఏ షిప్‌లో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నారో ఆయన్ని అడిగి రాసుకున్నారా?

నేవీ_బుల్లెబ్బాయి
షిప్ పేరు చెప్పారు. తేదీలు ఈ రాత్రి అడుగుతా.